వంకర కర్ర, ఒంటి కన్ను

మా ఆయనకు ఎడమ కన్ను పోయిన ఏడాదే ఆ వంకర కర్ర మా ఇంట్లోకి వచ్చింది.

కన్ను పోవడం రెప్పపాటులో జరిగింది. ఆయన చరోదా రైల్వే యార్డులో, బోగీలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే షంటింగ్ పని చేసేవారు. డ్యూటీ దిగి స్కూటరు మీద ఇంటికొస్తుంటే, ముందు పోతున్న డంపరు టైరు కింద నుంచి కంకర రాయి ఒకటి ఎగిరొచ్చి తగిలింది. ఉక్కపోస్తోందని హెల్మెట్ అద్దం పైకెత్తుకున్నారు, అంతే. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. చూపు మాత్రం రాలేదు. ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు, ఉన్న కన్ను జాగ్రత్త అన్నారు. ఆ మాట అన్నది ఆయనతోనే గానీ, దాన్ని మోసుకుని ఇంటికి వచ్చింది నేను.

ఆ రోజు నుంచి ఇంట్లో మొనదేలిన వస్తువులన్నీ నాకు కనిపించడం మొదలుపెట్టాయి. గొడుగు ఊచలు, బట్టలు ఆరేసే తీగ చివర, చీపురు పుల్లలు, తలుపు వెనక చొక్కాలు తగిలించే కొక్కెం. పోపులో ఆవాలు చిటపటమంటే, "వంటింట్లోకి రాకండి" అని కేకేసేదాన్ని. మా రైల్వే క్వార్టరు పక్క సందులో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే కిటికీలు మూసేసేదాన్ని. నేను బడిలో పాఠం చెబుతున్నా సగం మనసు ఇంట్లోనే ఉండేది. ఫోన్ మోగితే చాలు, సుద్దముక్క పడేసి అందుకునేదాన్ని.

ఆయనకు యార్డు పని తీసేసి ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఒక కన్నుతో దూరం తెలియదు. గ్లాసులో పోద్దామనుకున్న టీ గ్లాసు పక్కన పడేది. లేని మెట్టు మీద కాలు వేసేవారు, ఉన్న మెట్టు తన్నుకునేవారు. నలుగురిలోకి వెళ్లడం మానేశారు. దుర్గ్‌లో మా బంధువుల పెళ్లికి కూడా నన్నొక్కదాన్నే పంపించారు. మాటలు తగ్గిపోయాయి. నవ్వు అసలే లేదు.

అలాంటి రోజుల్లో ఆయనతో యార్డులో పనిచేసిన ఛత్తీస్‌గఢీ స్నేహితుడు ఒకాయన చూడ్డానికి వచ్చాడు. పట్టాల గ్యాంగులో పని, ఊరు బాలోద్ వైపు. టీ తాగుతూ ఏవేవో చెప్పి, ఉన్నట్టుండి అన్నాడు, "నిశానా తో ఏక్ హీ ఆంఖ్ సే లగ్తా హై, భయ్యా. దూసరీ తో వైసే భీ బంద్ కర్నీ పడ్తీ హై."

గురి చూడాలంటే ఒక కన్నే చాలు, రెండోది ఎలాగూ మూసుకోవలసిందే అని. నా చేతిలో ప్లేటు ఆగిపోయింది. ఆయన ఎక్కడ బాధపడతారోనని అటు చూశాను. ఆయన నవ్వుతున్నారు. భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. నవ్వు ఆగాక, వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లు విల్లు ఏ కర్రతో చేసేవాళ్లని అడిగారు. ధామన్ అన్నాడు ఆ స్నేహితుడు.

మళ్లీ వచ్చినప్పుడు మోటారుసైకిలుకు పొడుగ్గా కట్టుకుని ఒక ధామన్ బద్ద తెచ్చాడు. వాళ్ల వంటింటి అటక మీద పొగ తింటూ ఏళ్లుగా ఉన్నదట. తిన్నగా ఉన్నవన్నీ గొడ్డలి పిడులకీ కావడి బద్దలకీ పోయాయి, ఎవరికీ పనికిరాక ఇది మిగిలిపోయింది అన్నాడు. ఎందుకు పనికిరాలేదో చూడగానే తెలిసింది. ఒక కొస నుంచి చూస్తే పాము పోతున్నట్టు పక్కకి వంగి మళ్లీ వెనక్కి తిరిగింది. ఒక సగం తిన్నగా ఉంటే రెండో సగం ఎద్దు మూపురంలా లేచి ఉంది. ఆ మూపురం పక్కనే బొటనవేలంత నల్లటి ముడి. ఒకచోట మందం, ఇంకోచోట పలచన.

"దీంతో విల్లేటండీ, కూర కలపడానికైనా పనికొస్తదా?" అన్నాను.

"చూద్దుం," అన్నారు ఆయన. కర్రను ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడుముతున్నారు. కంటితో తెలియనిది వేళ్లతో తెలుసుకోవడం అప్పటికి అలవాటైపోయింది.

ఉలులూ, చిత్రికా, ఆకురాళ్లూ మా ఇంట్లోనే ఉన్నాయి. మా నాన్నగారివి. ఆయన ఉక్కు ప్లాంటులో, పోత పోసే ముందు కొయ్యతో నమూనాలు చేసే షాపులో పనిచేసేవారు. ఖుర్సీపార్‌లో మా చిన్నప్పటి ఇంటి వెనక ఎప్పుడూ ఏదో ఒకటి చిత్రిక పడుతూనే ఉండేవారు. ఆయన పోయాక పనిముట్ల పెట్టె నేను తెచ్చుకున్నాను. అది తెచ్చుకున్నందుకు మొదటిసారి నన్ను నేను తిట్టుకున్నది అప్పుడే.

ఆదివారాలు పెరట్లో పని మొదలైంది. మా ఆయన ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకునేవారు. వంకర కర్రతో విల్లు చెయ్యాలంటే దాన్ని తిన్నగా చెక్కెయ్యకూడదు. కర్రలో నార ఎటు పోతే పెన్సిలు గీత కూడా అటే పోవాలి. గీత తిన్నగా గీసి చెక్కితే నార తెగుతుంది, తెగినచోట విరుగుతుంది. బయటికి వంగే వైపు, అంటే వీపు వైపు, బెరడు తీసి ఒకే పొర మిగిలేలా చూసుకోవాలి. తరవాత చెక్కేదంతా కడుపు వైపే, అంటే లాగే మనిషికి ఎదురుగా ఉండే వైపు. ముడి దగ్గర మాత్రం చుట్టూ కొంచెం ఎక్కువ కండ వదిలెయ్యాలి.

ఇదంతా వింటే ఓపికతో చేసుకునే మంచి పనిలాగే అనిపించింది. ఉలి ఆయన వేళ్ల దగ్గర ఎక్కడ పడుతుందో చూస్తూ కూర్చోవడం వరకే నా భయం. అసలు భయం ఒక వీడియోతో వచ్చింది. ఎవరో దేశంకాని దేశంవాడు, గడ్డం మనిషి, తను చేసిన విల్లును నిండా లాగాడు. టపాసు పేలినట్టు చప్పుడైంది. విల్లు మూడు ముక్కలైంది. ఒక ముక్క వాడి చెంప పక్కనుంచి దూసుకుపోయింది. వాడు నవ్వుతున్నాడు.

మా ఆయన దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. నెమ్మదిగా నడిపించి ఇంకోసారి చూశారు.

"ఎక్కడ ఇరిగిందో కనబడతందా?" అన్నారు.

నాకు కనబడింది ముక్క పోయిన దారి ఒక్కటే. ఆ మనిషి కుడి కంటికి దగ్గరగా పోయింది. మా ఆయనకు మిగిలింది కుడి కన్నే.

ఆ రాత్రి నుంచి తిన్న అన్నం ఒంటికి పట్టలేదు. వద్దని చెబితే ఆయన మానేసేవారే. కానీ ఆదివారం పెరట్లో కూర్చుని ఈల వేసుకుంటూ ఆకురాయి రుద్దుతున్న మనిషిని చూస్తే నోరు రాలేదు. ఆ ఈల కూడా ఎన్నో నెలలుగా వినలేదు నేను. అది ఆగిపోతుందన్న భయం ఒక వైపు, ఆ కర్ర మీది భయం ఇంకో వైపు. ఏ భయానికి లొంగాలో తెలియక పక్కనే కూర్చుని కొబ్బరి కోరేదాన్ని, చిక్కుళ్లు ఒలిచేదాన్ని. కళ్లు మాత్రం కర్ర మీదే.

కర్ర సన్నబడ్డాక దాని పక్క వంకర తేలింది. రెండు కొసలకీ దారం కట్టి చూస్తే అది నడిమధ్య చేత్తో పట్టుకునే పిడి మీదకి రాకుండా దూరంగా పక్కనుంచి పోతోంది. అలాగే ఎక్కుపెడితే విల్లు చేతిలోనే తిరగబడిపోతుంది. ఆవిరి పట్టి వంచాలన్నారు. వినాయక చవితికి పులిహోర కలిపే పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి, దాని మీద కర్ర పెట్టి, తడి గోనెలు కప్పాం. కర్ర వేడెక్కి మెత్తబడగానే ఇద్దరం చేతులకు గుడ్డలు చుట్టుకుని దాన్ని ఒక పలక మీద కొట్టిన మేకుల మధ్య పెట్టాం. పక్కనుంచి చెక్క ముక్కలు దిగగొట్టి వంకర ఉన్న చోట నొక్కాలి. ఆయన ఒళ్లంతా బరువు వేసి వంచుతున్నారు. నేను ముక్కలు బిగిస్తున్నాను.

ఒక ముక్క జారింది. నా చెవి పక్కనుంచి గాలి కోసుకుంటూ పోయి గోడకు తగిలి కింద పడింది.

ఇద్దరం అలాగే ఉండిపోయాం. కర్ర వదిలేస్తే మిగతా ముక్కలు కూడా ఎగురుతాయి. వదలకుండా పట్టుకునే ఉన్నాను.

"తగిలిందేటే?" అన్నారు.

"లేదు. మీరు మొహం అటు తిప్పుకోండి. ముందు మొహం తిప్పండంటున్నానా!"

ఆయన మొహం తిప్పుకున్నారు. నేను కళ్లు సగం మూసుకుని ఇంకో ముక్క దిగగొట్టాను. కర్ర చల్లారి విప్పేదాకా ఆ పెరట్లోకి ఆయన్ని అడుగు పెట్టనివ్వలేదు. విప్పి చూస్తే దారం పిడి మీదకి వచ్చింది. సరిగ్గా నడిమధ్యకి కాదు గానీ, చాలినంత. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసుకుంటుంటే నాకు ఒక్క క్షణం సంతోషంగానే ఉంది. ఆ తరవాత గోడ మీద ముక్క తగిలినచోట సున్నం రాలిన గుంట కనబడింది.

ఇక వంపు సరిచూడటం. గోడకు ఒక దిమ్మ బిగించి, విల్లు పిడి దాని మీద ఆనించి, కొసలకు వదులుగా పొడుగు తాడు కట్టాలి. ఆ తాడును కింద ఒక కప్పీ గుండా తిప్పి దూరం నుంచి లాగితే విల్లు గోడ మీదే వంగుతుంది. రెండు సగాలూ సమంగా వంగుతున్నాయో లేదో చూసి, వంగనిచోట కడుపు వైపు కొంచెం పొట్టు తీసి, మళ్లీ లాగాలి. ఆయన దగ్గరగా నిలబడి చూస్తానన్నారు. నేను ఒప్పుకోలేదు.

"మీరు గుమ్మం దగ్గర నిలబడి తాడు లాగండి. నేను చూస్తాను."

"నీకేటి తెలుస్తది?"

"మీరు చెప్పండి, తెలుసుకుంటాను."

వంకర కర్రతో ఉన్న కష్టం అక్కడే. తిన్నటి కర్ర అయితే వంపు చంద్రవంకలా రావాలి. దీనికి మొదటే ఒక సగం మూపురం. సరిగ్గా వంగుతున్నా తప్పుగా కనబడుతుంది, తప్పుగా వంగుతున్నా సరిగ్గా కనబడుతుంది. అందుకే తాడు లాగక ముందు విల్లు ఆకారం గోడ మీద సుద్దముక్కతో గీశాను. లాగాక మళ్లీ గీశాను. రెండు గీతల మధ్య ఎడం ఎక్కడ ఎంతుందో అదే చూడాలి. బడిలో బోర్డు మీద గీసిన చెయ్యే గనక గీత బాగానే వచ్చింది. మూపురం ఉన్న సగం మొండికేస్తోంది. తిన్నటి సగం ఒక్కటే పని చేస్తోంది. చెబితే ఆయన వచ్చి మూపురం కింద ఆకురాయి పట్టారు. మళ్లీ గుమ్మం దగ్గరికి. మళ్లీ తాడు.

ఆ పనిలో ఒక సంగతి గమనించాను. గీతలు చూస్తున్నంతసేపూ భయం పక్కకి జరిగేది. సుద్ద కింద పెట్టగానే వచ్చి మళ్లీ మీద పడేది.

ఇంచుమించు అయిపోయిందనుకున్న రోజు, ఆయన తాడును ఇంతకు ముందుకన్నా లోపలికి లాగారు. టక్ మంది.

పెద్ద చప్పుడేమీ కాదు. మెటిక విరిచినట్టు. నేను కింద కూర్చుండిపోయాను, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని. మళ్లీ ఏ చప్పుడూ లేకపోయేసరికి చూశాను. విల్లు విరగలేదు. వీపు మీద ముడి పక్కన చిన్న పేడు లేచి నిలబడింది, కోడిపిల్ల ఈకలా.

ఆయన వచ్చి దాన్ని గోటితో నొక్కి చూశారు. "జిగురేసి దారం చుట్టేస్తే ఆగుద్ది," అన్నారు.

అప్పుడు నా నోరు తెరుచుకుంది.

"ఆగుద్దో ఆగదో మీకేటి తెలుసు? రేపు మొహం ముందర పెట్టుకుని లాగినప్పుడు ఇలాగే టక్ మంటే? ఉన్నదొక్క కన్ను. అది పోతే ఏటవుద్దో ఎప్పుడైనా ఆలోచించేరా? నాకు నిద్దర లేదు. తిండి లేదు. ఇది పొయ్యిలో పెట్టీండి, దండం పెడతాను."

ఆయన తాడు విప్పారు. విల్లు తీసి అరుగు మీద పెట్టారు. దాని పక్కనే కూర్చున్నారు.

"నీకు చెప్పలేదు. రోడ్డు మీద లారీ వచ్చిందనుకో, నాకు తెలీకుండానే ఉన్న కన్ను మూసీసుకుంటన్నాను. నడిరోడ్డు మీద. మొన్న యార్డు గేటు కాడ అలాగే మూసీసుకున్నాను. తెరిచేసరికి బస్సు ఇంత దగ్గర్లో ఉంది. డ్రైవర్ బూతులు తిట్టేడు. హారన్ కొట్టేడు గనక సరిపోయింది."

నేను ఇల్లంతా వెతికి ఊచలూ కొక్కేలూ దాచిపెడుతుంటే ఆయన గుడ్డివాడై రోడ్డు దాటుతున్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెపితే నువ్వు గుమ్మం దాటనిస్తావా? ఇది లాగేటప్పుడు కన్ను మూసుకుంటే కుదరదు. తెరిచే ఉంచాల. ఎదురుగా ఏదో ఉందని తెలిసీ తెరిచే ఉంచాల. అదొక్కటి నేర్చుకుంటే సాలు నాకు. బాణం తగిలితే తగుల్తది, లేపోతే లేదు."

ఆయన గొంతులో రోషం లేదు. బతిమాలడం కూడా లేదు. భయపడుతున్న మనిషి గొంతు అది. అంతదాకా ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

పేడును జిగురుతో అతికించి, దాని మీద నూలు దారం వరస తప్పకుండా చుట్టాం. చుట్టింది నేను. ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు పడకుండా, పళ్లు బిగబట్టి చుట్టాను. అది ఆరాక మూపురం కింద ఇంకాస్త పొట్టు తీసి, గోడ మీద మళ్లీ మెల్లగా వంచి చూశాం. ఏ చప్పుడూ రాలేదు. కొసల్లో అల్లెతాడు పట్టే గాట్లు కోశారు. కొబ్బరి నూనె రాశారు. విల్లును ఎక్కుపెట్టారు. వంకరగా, ఒక పక్క పొట్టిగా, ఇంకో పక్క పొడుగ్గా కనబడుతూ నిలబడింది అది. చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఇద్దరికీ రాలేదు.

చేత్తో పట్టుకుని లాగే రోజు వచ్చింది. ఆయన హెల్మెట్ తెచ్చి అరుగు మీద పెట్టాను. అద్దం ఉన్న హెల్మెట్. ఆయన దాని వైపు చెయ్యి చాపారు. అప్పుడు నేనన్న మాట ముందుగా అనుకున్నది కాదు.

"మొదట నేను లాగుతాను."

"ఏటి?"

"మీకున్నది ఒకటి. నాకు రెండున్నాయి. నేనే లాగాలి."

"పిచ్చేటి నీకు? పాగల్ హో గయీ హో?"

"మీరు లాగితే నేను చూడలేను. చచ్చిపోతాను. నేను లాగుతాను, మీరు చూడండి. ఎక్కడ ఎలా వంగుతందో గుమ్మం దగ్గర నిలబడి చెప్పండి."

చాలా వాదించారు. ఆఖరికి ఆయనే నా గడ్డం కింద హెల్మెట్ పట్టీ బిగించారు. బిగించేటప్పుడు ఆయన వేళ్లు చల్లగా తగిలాయి. అద్దం దించుకున్నాక నా ఊపిరి నాకే వినబడసాగింది. ఎడమ చేత్తో పిడి పట్టుకున్నాను. మూడు వేళ్లు తాడుకి వేశాను. లోకమంతా అద్దం మీద ఆవిరిలా మసకగా ఉంది.

"కొంచెం లాగు. బస్. వదలకు, అలాగే తిరిగి తీసుకెళ్లు. ఇంకోసారి. ఇంకొంచెం."

బాణం లేకుండా తాడు వదిలేస్తే విల్లు విరుగుతుందని నాకు తెలుసు. లాగడం కన్నా, లాగినదాన్ని మెల్లగా తిరిగి తీసుకెళ్లడమే కష్టం. ప్రతిసారీ కాస్త లోపలికి లాగుతున్నాను. కర్ర బతికున్న జంతువులా నా చేతులకి అడ్డం తిరుగుతోంది. తాడు గడ్డం దాకా వచ్చింది. చెవి పక్కన కర్ర కిర్రుమంటోంది. వదిలేసి పారిపోవాలని ఒళ్లంతా చెబుతోంది. కళ్లు గట్టిగా మూతపడ్డాయి. అప్పుడు ఆయన గొంతు వినబడింది, గుమ్మం దగ్గరనుంచి.

"కళ్లు తెరు."

తెరిచాను. ఎదురుగా గోడ, గోడ మీద నేను గీసిన సుద్ద గీతలు. ముడి దగ్గర నేను చుట్టిన దారం కదలకుండా ఉంది.

"రెండు పక్కలా వంగుతంది. బాగుంది. ఇప్పుడు మెల్లగా తీసుకెళ్లు. మెల్లగా. వదలీకు."

తాడు తిరిగి తన చోటికి వెళ్లింది. విల్లు కింద పెట్టాను. హెల్మెట్ తీసేసరికి జుట్టంతా చెమటతో అతుక్కుపోయింది. ఏడుస్తున్నానని ఆయన చెబితే తెలిసింది.

ఆ తరవాత ఆయన హెల్మెట్ పెట్టుకున్నారు. వెదురు బాణం, మొన లేనిది. పెరటి చివర పాత బట్టలు కుక్కిన గోనెసంచి. నేను గుమ్మం దగ్గరికి వెళ్లలేదు. పక్కగా, విల్లు రెండు సగాలూ కనబడేచోట నిలబడ్డాను. ఆయన లాగారు. అద్దం వెనక ఆ ఒక్క కన్ను పెద్దదిగా తెరుచుకుని ఉంది. తాడు వదిలారు. వదలగానే "అమ్మా!" అని అరిచారు.

నేను ఎలా పరిగెత్తానో తెలియదు. రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని, "కన్నా? కన్నేనా?" అని అరుస్తున్నాను. ఆయన ఎడమ చెయ్యి ముందుకు చాపి చూపించారు. మోచేతి కింద తాడు కొట్టినచోట ఎర్రగా తేలిన వాత.

"చెయ్యే. చెయ్యి," అన్నారు. ఆ తరవాత గోనెసంచి వైపు చూసి, "తగిలిందేటే?" అన్నారు.

తగల్లేదు. బాణం సంచికి చాలా పైనుంచి పోయి పక్క క్వార్టరు వాళ్ల బెండ మొక్కల్లో పడింది. వెళ్లి తెచ్చాను. ఆయన మళ్లీ లాగారు.

ఇప్పుడు ఆ వంకర విల్లు పట్టుకుని, వాన లేని ఉదయాల్లో రైల్వే గ్రౌండుకు వెళుతున్నారు. నడిచే వెళతారు, రోడ్డు దాటే వెళతారు. లారీ వచ్చినప్పుడు కన్ను తెరిచే ఉంటోందా అని అడిగితే, ఒక్కోసారి ఉంటోంది, ఒక్కోసారి లేదు అన్నారు. అబద్ధం చెప్పనందుకు సంతోషించాలో, ఆ ఒక్కోసారిని తలుచుకుని వణకాలో నాకు తెలియలేదు. సెలవు రోజుల్లో నేనూ వెంట వెళతాను. హెల్మెట్ లేకుండా లాగనివ్వను. గ్రౌండులో పిల్లలు చూసి నవ్వుతారు, నవ్వనీ. ఆయన తాడు గడ్డం దాకా తెచ్చినప్పుడల్లా పక్కనే నిలబడి ముడి దగ్గర దారం వైపే చూస్తుంటాను. బాణం ఎక్కడ పడిందో చాలాసార్లు ఆయనే చెప్పాలి నాకు.